కోపానికి కాలదోషం పడుతుందా?

కళల విషయంలో మన అభ్యుదయవాదులకు ఒక పాత అలవాటు వుంది. ఏదైనా కళారూపం ఎదురుపడితే, అది ఎక్కడ పుట్టిందని ముందు అడుగుతాం. ఏం చెబుతోందని తర్వాత అడుగుతాం. దాన్ని విన్నవాడు ఏమవుతున్నాడని అడగటం మాత్రం తరుచు మరిచిపోతాం. మొదటి ప్రశ్నకు “ఇంగ్లండులో” అనో “అమెరికాలో” అనో సమాధానం వస్తే మిగతా రెండింటితో పని లేదనుకుంటాం. ఈ అలవాటు కొద్దీ నేను ఒకప్పుడు ఒక మిత్రుడికి అన్యాయం చేశాను. దాన్ని సరిదిద్దుకోవటం ఈ వ్యాసానికి ఒక ప్రయోజనం. రెండవది అంతకంటే ముఖ్యమైనది: ఒక తిరుగుబాటు పాటను నలభై యేళ్లపాటు ప్రేమించటమంటే ఏమిటి, ఆ ప్రేమ ఎంతవరకు ప్రాణంతో వుంటుంది, ఎక్కడ పూజగా గడ్డకడుతుంది అన్నది విచారించటం.

ఆ మిత్రుడిది కౌకూరు. సికింద్రాబాదుకు ఉత్తరాన, బొల్లారానికి ఆనుకుని వున్న వూరు. ఇప్పుడు నగరంలో కలిసిపోయి కాలనీల పేర్లతో చలామణి అవుతోంది గాని, అతని చిన్నతనంలో పల్లెకూ కంటోన్మెంటుకూ మధ్య పొలిమేరలా వుండేది. బొల్లారంలో, విక్టోరియా రాణి ఇచ్చిన సొమ్ముతో 1847 లో కట్టారని చెప్పే హోలీ ట్రినిటీ చర్చి వుంది. 1983 నవంబరు 20 న ఎలిజబెత్ రాణి తన పెళ్లిరోజున ఆ చర్చికి ప్రార్థనకు వచ్చింది. పధ్నాలుగేళ్ల మా మిత్రుడు రోడ్డుపక్కన జనంలో నిలబడి ఆ కారును చూశాడు. అదే రాణి పాలనకు రజతోత్సవం జరుగుతున్న 1977 లో, ఆమెను ఎగతాళి చేస్తూ లండను కుర్రాళ్లు నలుగురు ఒక పాట పాడారనీ, బి.బి.సి. దాన్ని నిషేధించిందనీ, అయినా అది అమ్మకాల పట్టికలో రెండో స్థానానికి ఎక్కిందనీ అతనికి అప్పటికి తెలియదు. తెలిసింది మరి మూడేళ్లకు. తెలియజేసింది, చిత్రమేమంటే, బి.బి.సి. యే.

అతడు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే దుకాణంలో పని నేర్చుకుంటున్నాడు. బాగుపడిందో లేదో చూడటానికి రాత్రిపూట షార్ట్‌వేవ్ తిప్పేవాడు. ప్రపంచ సర్వీసులో జాన్ పీల్ అనే ఆయన కార్యక్రమం తగిలింది. పీల్ విమర్శకుడు కాడు, సంగీత విద్వాంసుడూ కాడు. 2004 లో చనిపోయేదాకా అభిమానిగానే బతికినవాడు. పేరూ వూరూ లేని బృందాలు పంపిన రికార్డులు విని, నచ్చినవి ప్రపంచానికి వినిపించటం ఆయన పని. గరగరలాడే ఆ తరంగాల మీద మా మిత్రుడు సెక్స్ పిస్టల్స్‌ను, క్లాష్‌ను, గ్యాంగ్ ఆఫ్ ఫోర్‌ను, జాయ్ డివిజన్‌ను విన్నాడు. విన్నవి విన్నట్టు క్యాసెట్లకు ఎక్కించుకున్నాడు.

అదే దుకాణంలో అవే యంత్రాల మీద మరికొన్ని క్యాసెట్లకు నకళ్లు తీసేవాడు. అవి జననాట్యమండలి పాటలు. ఆ రోజుల్లో అలాంటి క్యాసెట్టు ఇంట్లో దొరికితే పోలీసులు ఏం చేస్తారోనని భయపడేవాళ్లం. అతని దగ్గర తొంభై నిమిషాల క్యాసెట్టు ఒకటి వుండేది. ఒక వైపు గద్దర్, రెండో వైపు క్లాష్. అట్ట మీద ఏమీ వ్రాసి వుండేది కాదు.

1992 లో మేము నడిపిన ఒక అధ్యయన తరగతికి అతడు ఆ క్యాసెట్టు తెచ్చాడు. రెండు వైపులా వినిపించి, ఈ రెండూ ఒకటే పని చేస్తున్నాయని తన భాషలో ఏదో చెప్పబోయాడు. రెండో వైపు రెండు నిమిషాలు కూడా సాగనివ్వలేదు నేను. క్షీణిస్తున్న ధనస్వామ్య సంస్కృతి వేసే వెర్రికేకలనీ, నిరాశావాదమనీ, మన శ్రామికుడికి దీనితో ఏం పని అనీ ఉపన్యసించాను. నలుగురూ నవ్వారు. అతడు క్యాసెట్టు జేబులో పెట్టుకుని లేస్తూ, “అన్నా, మీరు పాట ఇనలే. అది ఏ దేశంకెల్లి వచ్చిందో గదే చూసిన్రు” అన్నాడు. ఆ తర్వాత మా తరగతులకు రాలేదు.

ఇప్పుడు ఆ రెండో వైపు గురించి నాకు చేతనైనంత నిదానంగా మాట్లాడతాను.

“పంక్” అనే మాటకు ఇంగ్లీషులో పనికిమాలినవాడు, అలగావాడు అని అర్థం. లోకం తిట్టిన తిట్టునే పేరుగా పెట్టుకున్నారన్నమాట. 1976 నాటి బ్రిటన్ ఎలాంటిదో గుర్తుచేసుకుంటే ఆ పేరులోని కసి అర్థమవుతుంది. ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి వద్ద చేయిచాచి, దాని షరతుల ప్రకారం ప్రజావసరాల ఖర్చు తగ్గించింది. నిరుద్యోగులు పది లక్షలు దాటారు. బడి వదిలిన పిల్లవాడికి పని లేదు, వుంటుందన్న ఆశ లేదు. అప్పటికి రాక్ సంగీతమేమో పెద్ద పెద్ద మైదానాల్లో, గంటల తరబడి సాగే వాద్య విన్యాసాలతో, కోటీశ్వరులైన గాయకులతో, వినేవాడికి ఆకాశమంత దూరంగా వుంది. ఆ దూరం మీద పంక్ కుర్రాళ్లకు కోపం వచ్చింది. వాళ్ల పాటలు రెండు మూడు నిమిషాలకు మించవు. వాయిద్యంలో పాండిత్యం లేదు. గొంతులో మాధుర్యం లేదు, వుండాలన్న ప్రయత్నమూ లేదు.

ఇది చేతకానితనమేనా? కొంతవరకు అవును. కాని ఆ చేతకానితనం వెనక ఒక సూత్రం వుంది. 1977 లో ఒక చిన్న అభిమాన పత్రిక గిటారు మీద వేళ్లు ఎక్కడ పెట్టాలో మూడు బొమ్మలు గీసి చూపించి, ఇక మీరే వెళ్లి బృందం కట్టుకోండని వ్రాసింది. ఉద్యమం మొత్తానికి ప్రణాళిక ఏదన్నా వుంటే అదే. శ్రోతకూ గాయకుడికీ మధ్య గోడ లేదని చెప్పటం దాని సారం.

1976 జూన్ 4 న మాంచెస్టరులో ఒక చిన్న హాలులో సెక్స్ పిస్టల్స్ పాడారు. వచ్చినవాళ్లు నలభై మంది ప్రాంతం. ఆ కచేరీ ఏర్పాటు చేసిన ఇద్దరు కుర్రాళ్లు బజ్‌కాక్స్ అనే బృందం కట్టారు. విన్నవాళ్లలో కొందరు తర్వాత జాయ్ డివిజన్ అయ్యారు. బజ్‌కాక్స్ తమ తొలి రికార్డు కోసం పెద్ద కంపెనీల గడప తొక్కలేదు. అయిదువందల పౌండ్లు అప్పు చేసి, 1976 డిసెంబరులో ఒక్క రోజులో నాలుగు పాటలు రికార్డు చేసి, 1977 జనవరిలో సొంత ముద్ర మీద వెయ్యి ప్రతులు వేశారు. అవి చెల్లిపోయి, చివరికి వేల మీద అమ్ముడుపోయాయి. స్క్రిట్టి పొలిట్టి అనే మరో బృందం (ఆ పేరు గ్రాంషీ రాజకీయ రచనల నుంచి తీసుకున్నది) 1978 లో రికార్డు వేసి, స్టూడియోకు ఎంత, అచ్చుకు ఎంత, అట్టకు ఎంత అని ఖర్చుల చిట్టా అంతా అట్ట మీదనే అచ్చు వేసింది. క్రాస్ అనే బృందం ఇంతకంటే ఎక్కువ ధర ఇవ్వవద్దని అట్ట మీద వేసి అమ్మింది. సరుకు తన తయారీ రహస్యాన్ని దాచుకుంటుందని మార్క్స్ చెప్పాడని మనం తరగతుల్లో పాఠం చెబుతాం. ఆ రహస్యాన్ని సరుకు అట్ట మీదనే విప్పి చూపించిన కుర్రాళ్ల పాటను మాత్రం రెండు నిమిషాలు వినలేకపోయాను.

పంక్ తొలి కేక రెండేళ్లలో అలసిపోయింది. కేక ఎల్లకాలం నిలవదు గదా. దాని తర్వాత 1978 నుంచి ఆరేడేళ్లపాటు వచ్చినదాన్ని “పోస్ట్ పంక్” అంటున్నారు. నా మిత్రుడి ప్రాణం అసలు అక్కడ వుంది. కోపం వచ్చిందని చెప్పటంతో వీళ్లు తృప్తిపడలేదు. ఎందుకు వచ్చిందని విచారించారు.

లీడ్స్ విశ్వవిద్యాలయ విద్యార్థుల నుంచి పుట్టిన గ్యాంగ్ ఆఫ్ ఫోర్‌ను చూడండి. 1979 లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బం పేరే “ఎంటర్‌టైన్‌మెంట్!” – వినోదం, ఆశ్చర్యార్థకంతో సహా. అట్ట మీద ఒక కౌబాయి, ఒక ఆదిమ అమెరికన్ కరచాలనం చేస్తున్న బొమ్మలు మూడు. ఇద్దరూ నవ్వుతుంటారు. ఒకడు స్నేహితుడు దొరికాడని, ఇంకొకడు మోసపోయేవాడు దొరికాడని. వలసవాదాన్ని గురించి ఇంత క్లుప్తంగా చెప్పిన గ్రంథాలు ఎక్కువ లేవు. పాటల్లో విషయం సమ్మె, జెండా కాదు. సెలవురోజు, పడకగది, టెలివిజన్ వార్తలు, ప్రేమ: మనిషి తన సొంతమనుకునే చోట్లలోకి మార్కెట్టు ఎలా జొరబడిందన్నది.

వీరి విశేషం విషయంలో ఎంత వుందో రూపంలోనూ అంత వుంది. మామూలు రాక్ పాటలో గిటారు వాయించేవాడు నాయకుడు. డోలు, బేస్ గిటారు అతని పల్లకీ మోసే బోయీలు. గ్యాంగ్ ఆఫ్ ఫోర్‌లో ఆ పల్లకీ లేదు. డోలు, బేస్ నల్లజాతి నృత్య సంగీతం నుంచి నేర్చిన నడకతో పాటను లాక్కుపోతుంటే, గిటారు కత్తెరలా మధ్య మధ్య కత్తిరించి వూరుకుంటుంది. గిటారు మోగవలసిన చోట మౌనం వుంటుంది. ఒకరు పాడుతుంటే ఇంకొకరు పక్కనుంచి వేరే ఏదో మాట్లాడతారు. శ్రోత మైమరచిపోవటానికి వీల్లేదు. బ్రెహ్ట్ నాటకశాలలో సాధించాలనుకున్నదాన్ని వీళ్లు నాట్యమాడే పాటలో సాధించారు. మైమరపించని పాటకు కూడా అడుగులు పడతాయని నిరూపించారు. మన అభ్యుదయ గేయాలు చాలావాటిలో విషయం విప్లవమూ, బాణీ సినిమాదీ అయి, రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా నడుస్తుంటాయి. అవి వ్రాసేవాళ్లు తప్పకుండా వినదగ్గ పాఠమిది.

వీరిని ఆకాశానికి ఎత్తటం నా ఉద్దేశం కాదు. ఇదే బృందం ఆ రికార్డును ఇ.ఎం.ఐ. కంపెనీకి చేసింది. అది సామాన్యమైన కంపెనీ కాదు. మన ఇళ్లలో కుక్కబొమ్మ రికార్డులు వేసిన కంపెనీ వెనక ఏళ్ల తరబడి వున్న బ్రిటిష్ సంస్థ అదే. క్లాష్ 1977 లో లక్ష పౌండ్లకు సి.బి.ఎస్. తో ఒప్పందం చేసుకుంటే, ఆ రోజే పంక్ చచ్చిందన్న అభిమానులున్నారు. కాని అదే క్లాష్ 1980 లో, నికరాగువా విప్లవకారుల పేరు పెట్టిన మూడు రికార్డుల ఆల్బమును తక్కువ ధరకు అమ్మాలని పట్టుబట్టి, అందుకోసం తమ రాయల్టీ వదులుకుంది. బి.బి.సి. వారు ఒక మాట మార్చమని కోరితే గ్యాంగ్ ఆఫ్ ఫోర్ ఆ కోరిక తీర్చకుండా, దేశమంతా చూసే టెలివిజన్ కార్యక్రమాన్నే వదులుకుంది. కంపెనీలో వుండి పోరాడటమా, బయట వుండి పోరాడటమా అన్న వివాదం మన సినిమా కవుల విషయంలో మనం ఎన్నిసార్లు చేసుకోలేదు? అక్కడా తేలలేదు, ఇక్కడా తేలలేదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. దిశలేని కోపాన్ని ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. తొలి పంక్ గాయకుల్లో కొందరు పెద్దలను రెచ్చగొట్టటానికని నాజీ స్వస్తిక చిహ్నం చొక్కాలకు తగిలించుకున్నారు. అది కుర్రతనమని కొట్టిపారెయ్యటానికి వీల్లేదు. ఎందుకంటే అప్పుడు బ్రిటన్ వీధుల్లో నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీ నిజంగానే కవాతు చేస్తోంది. మాంచెస్టరు కచేరీ జరిగిన ఆ 1976 జూన్ 4 నే, లండను సౌతాల్‌లో గురుదీప్ సింగ్ చగ్గర్ అనే పంజాబీ యువకుణ్ణి జాత్యహంకారులు పొడిచి చంపారు. ఒకే రోజున ఒక దేశంలో జరిగిన ఈ రెండు సంఘటనలనూ కలిపి చూడనివాడికి పంక్ అర్థం కాదు.

ఆ సంవత్సరం ఆగస్టులో ఒక ప్రఖ్యాత రాక్ గాయకుడు, ఎరిక్ క్లాప్టన్, వేదిక మీద నుంచి వలస వచ్చినవాళ్లకు వ్యతిరేకంగా విషం కక్కాడు. అందుకు జవాబుగా కొందరు వామపక్ష కార్యకర్తలు “జాత్యహంకారానికి వ్యతిరేకంగా రాక్” అనే ఉద్యమం నడిపారు. 1978 ఏప్రిల్ 30 న ట్రఫాల్గర్ చౌకు నుంచి విక్టోరియా పార్కు దాకా వేలాది మంది ఊరేగింపుగా నడిచి వెళ్లారు. అక్కడ క్లాష్, నల్లజాతి రెగె బృందం స్టీల్ పల్స్, సొమాలీ తండ్రి బిడ్డ పాలీ స్టైరీన్ నాయకత్వంలోని ఎక్స్‌రే స్పెక్స్ ఒకే వేదిక మీద పాడారు. కోపానికి దిశ చూపించింది ఆ సంస్థ. దానంతట అది దొరకలేదు. అలాగని ఆ పాటలతో హత్యలు ఆగలేదు. నాలుగు రోజులకే, మే 4 న, తూర్పు లండనులో అల్తాబ్ అలీ అనే బెంగాలీ కార్మికుణ్ణి చంపారు. 1979 ఏప్రిల్ 23 న సౌతాల్‌లో ఫ్రంట్ సభను ఎదిరించిన ప్రదర్శనలో బ్లెయిర్ పీచ్ అనే ఉపాధ్యాయుడు పోలీసు దెబ్బకు చనిపోయాడు. పాట చెయ్యగలిగింది ఒకటే: తెల్ల కుర్రవాడు ఏ గుంపులో నిలబడాలో తేల్చుకునే సమయానికి, ఇటువైపు గుంపు కూడా వుందని చూపించింది. అది చిన్న పని కాదు. ఇటువైపు గుంపు కనపడని చోట అదే మూడు పట్ల గిటారుతో నాజీ పాటలు పాడిన బృందాలు కూడా తయారయ్యాయి.

ఇక మన వైపు చూద్దాం. తెలుగులో పంక్ అన్న పేరుతో ఉద్యమం రాలేదు. కాని పంక్ చేసిన పనికి దగ్గరి పని పదకొండేళ్ల ముందే జరిగింది. 1965 మే 6 అర్ధరాత్రి హైదరాబాదులో దిగంబర కవుల తొలి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. ఆరుగురు కవులు తల్లిదండ్రులు పెట్టిన పేర్లు వదిలి కొత్త పేర్లు పెట్టుకున్నారు. వారాలకు, ఋతువులకు కూడా కొత్త పేర్లు పెట్టారు. పెద్దలు అశ్లీలమన్నారు, అరాచకమన్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. ముఖ్యంగా స్త్రీ శరీరాన్ని సమాజపు కుళ్లుకు ఉపమానంగా వాడటంలో వాళ్లు తాము తిట్టిన సమాజానికంటే ముందుకు పోలేదు. (ఈ విషయంలో స్లిట్స్, రెయిన్‌కోట్స్ వంటి స్త్రీల బృందాలకు చోటిచ్చిన పంక్ కొంత మెరుగు.) కాని మూడేళ్లలో మూడు సంపుటాలు వేసి వాళ్లు వూరుకున్నారు. 1970 లో విరసం ఏర్పడినప్పుడు వారిలో కొందరు అందులో చేరారు. ఒట్టి కోపం తన పరిమితిని తాను గుర్తించి, దిశ వెతుక్కున్న సందర్భమది.

గద్దర్ సంగతి చెప్పనక్కరలేదు. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్ రావు ఘదర్ పార్టీ పేరు తన పేరుగా చేసుకుని, కౌకూరుకు కూతవేటు దూరంలోని అల్వాల్‌లో బతికాడు. 1997 ఏప్రిల్ 6 న ఆ ఇంటి దగ్గరే తుపాకి గుళ్లు తిన్నాడు. ఒక గుండు ఒంట్లో వుండగానే ఇరవయ్యారేళ్లు పాడాడు. గొంగడి, కర్ర, కాలిగజ్జె, ఒక డప్పు, వంతపాటకు ఇద్దరు ముగ్గురు: జననాట్యమండలికి రంగస్థలమంటే ఇంతే. పామరుడికి తెలిసిన బాణీ, పామరుడి మాట. విన్న మర్నాడే విన్నవాడు పాడుకోగలడు. పాడుతూ తన వూరి దొర పేరు అందులో కలుపుకోగలడు. ఇదే ఆ క్యాసెట్టు రెండు వైపులకూ వున్న పోలిక. నా మిత్రుడు 1992 లో చెప్పబోయిందీ ఇదే.

తేడాలు లేవా? వున్నాయి, పెద్దవే. గద్దర్ బాణీ తరతరాలుగా జనం నోట నానింది. పంక్ నిన్నటి బాణీలను కాలదన్ని వచ్చింది. గద్దర్ వెనక భూమి కోసం పోరాడే రైతుకూలీలున్నారు. పంక్ వెనక పని దొరకని నగర యువకులున్నారు గాని, వాళ్లను కూడగట్టే సంస్థ కొద్దికాలమే నిలిచింది. అందుచేత గద్దర్ పాటలో “మనం” బలంగా వినపడుతుంది. పంక్ పాటలో “నేను”, “మీరు” వినపడతాయి, “మనం” అప్పుడప్పుడే వినపడుతుంది. ఈ తేడాను దాచిపెట్టి రెంటినీ ఒక గాట కట్టేస్తే, అది 1992 నాటి నా తప్పుకు తలకిందుల తప్పు అవుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. నలభై యేళ్లుగా నిలిచిన అభిమానం సంగతేమిటి?

మార్కెట్టు కోపాన్ని నిషేధించదు, నిలవ పెట్టుకుని అమ్ముతుంది. 1991 లో క్లాష్ పాత పాట ఒకటి జీన్సు ప్యాంట్ల ప్రకటనలో వాడితే, ఆ బృందం బతికున్న రోజుల్లో ఎన్నడూ దక్కని ప్రథమ స్థానం అప్పుడు దక్కింది. సెక్స్ పిస్టల్స్ 1996 లో మళ్లీ కలిసి, డబ్బు కోసమేనని పేరులోనే చెప్పుకుంటూ పర్యటన చేశారు. వినోదపు సరుకును గురించి గ్యాంగ్ ఆఫ్ ఫోర్ వ్రాసిన పాట మైక్రోసాఫ్ట్ ఆటబొమ్మ ప్రకటనలో మోగింది. జాయ్ డివిజన్ తొలి ఆల్బం అట్ట మీద తెల్లగీతల కొండల్లాంటి బొమ్మ వుంటుంది. అది ఒక నక్షత్రం నుంచి వచ్చిన రేడియో స్పందనల చిత్రం. ఇవాళ సికింద్రాబాదు బజారులో ఆ బొమ్మ వేసిన చొక్కాలు దొరుకుతాయి. తొడుక్కున్న పిల్లలను అడిగితే ఏదో డిజైను అంటారు. 2016 నవంబరు 26 న, సెక్స్ పిస్టల్స్ మేనేజరు కొడుకు యాభై లక్షల పౌండ్ల విలువ చేస్తాయని చెప్పిన పంక్ వస్తువులను థేమ్స్ నది మీద తగులబెట్టాడు. తగులబెట్టినదాన్ని గురించి కూడా పత్రికలు ధర చెప్పే వ్రాశాయి.

ఇది ఇంగ్లండు జబ్బు మాత్రమే కాదు. గద్దర్ 2023 ఆగస్టు 6 న చనిపోయాడు. బతికున్నంత కాలం ఆయన పాటను అనుమానంగా చూసిన రాజ్యమే అంత్యక్రియలకు లాంఛనాలు జరిపింది. తర్వాత ప్రభుత్వ సినిమా పురస్కారాలకు ఆయన పేరు పెట్టారు. 2025 లో వాటిని ప్రదానం కూడా చేశారు. గౌరవాన్ని నేను తప్పుపట్టటం లేదు. కాని మార్కెట్టు చొక్కా చేస్తే రాజ్యం జ్ఞాపిక చేస్తుందని గుర్తుంచుకోవటం మంచిది. రెంటి ఫలితం ఒకటే: పాట మళ్లీ చూసే వస్తువవుతుంది, పాడే వస్తువు కాకుండా పోతుంది.

అల్వాల్‌లో ఆయన నడిపిన బడి ఆవరణలో ఆయనను సమాధి చేసిన రోజున జనంలో నా మిత్రుడు కనిపించాడు. ఇన్నేళ్ల తర్వాత కౌకూరులో అతని ఇంటికి వెళ్లాను. దుకాణం ఇప్పుడు మొబైలు ఫోన్ల మరమ్మతు దుకాణం. వెనక గదిలో గోడ పొడుగునా క్యాసెట్లు, తర్వాత కొన్న రికార్డులు. ఏ బృందంలో బేస్ ఎవరు వాయించారో, ఏ రికార్డు మొదటి ముద్రణకూ రెండవ ముద్రణకూ అట్ట మీద తేడా ఏమిటో ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాడు. ఆ ప్రేమ ముందు నేను నిజంగా తల వంచాను. ఏ పరీక్షకూ పనికిరాని, పైసా లాభం లేని చదువును ఇంతకాలం ఇంత శ్రద్ధగా చదివినవాడు మన విశ్వవిద్యాలయాల్లో ఎంతమంది వున్నారు? 1992 నాటి మాటకు క్షమాపణ చెప్పాను. అతడు నవ్వి, చాయ్ తెప్పించాడు.

కాని విమర్శకుడి పని తల వంచటంతో ముగియదు. అతని గోడ మీద 1984 తర్వాత ఏమీ లేదు. తర్వాత వచ్చినదంతా చెత్త అంటాడు. నేను కూర్చుని వుండగా ఆ వీధి కుర్రవాడు ఒకడు ఫోన్ తెరపలక వేయించుకోవటానికి వచ్చాడు. సరుకులు ఇంటింటికీ మోసే పని అతనిది. ఫోనులో తను కట్టి, తనే రికార్డు చేసిన ర్యాప్ పాట వినిపించాడు. రోజుకు ఎన్ని గంటలు, ఎన్ని కిలోమీటర్లు, చేతికి ఎంత అన్నది దరువు మీద చెప్పిన పాట అది. ఇంకా కుదురుకోలేదు. దరువు ఎక్కడో దొరికినది, ప్రాస కోసం ప్రయాసపడిన చోట్లు చాలా వున్నాయి. నా మిత్రుడు అరనిమిషం విని, “గిదేం పాట రా, ఒర్రుడు తప్ప” అన్నాడు.

ఆ మాట నాకు పరిచితమైనదే. మాటలు వేరు గాని ముప్పయ్యేళ్ల కింద నేను అతనితో అన్నది అదే. కుర్రవాడు వెళ్లాక ఆ సంగతే అన్నాను. “పంక్ నీకు నేర్పింది ఈ రికార్డుల పేర్లా, లేకపోతే చేతకాకపోయినా గొంతు విప్పవచ్చునన్నదా?” అని అడిగాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. “గద్దరన్న పాటలు నకలు తీసినప్పుడు ఇది మంచిగున్నదా, లేదా అని సూడలే అన్నా. జెనానికి చేరాలె అనుకున్న” అన్నాడు చివరికి.

నా నిర్ణయం ఇది. ఒక అభిమానం దీర్ఘమైనదా కాదా అన్నది దాని గొప్పతనానికి కొలత కాదు. దేన్ని అభిమానిస్తున్నాం అన్నదే కొలత. రికార్డును, చొక్కాను, చనిపోయిన గాయకుడి ఫోటోను ప్రేమిస్తే, ఆ కోపానికి మనమే కాలదోషం పట్టించినవాళ్లమవుతాం. ఆ పాట మనకిచ్చిన అనుమతిని, అంటే “నువ్వూ పాడవచ్చు” అన్నదాన్ని ప్రేమిస్తే, దాన్ని మన తర్వాతివాడికి అందించి తీరాలి. వాడి పాట మన చెవికి కర్కశంగా వుంటుంది. వుండకపోతే అది మన పాటకు నకలే అవుతుంది. మెచ్చుకోనవసరం లేదు. పూర్తిగా విని, ఎక్కడ దరువు తప్పిందో, ఎక్కడ మాట అబద్ధమో చెప్పటం వుంది. అది విమర్శ. రెండు నిమిషాలకే ఆపించటం విమర్శ కాదు, అధికారం.

ఈ మాట మన సంఘాలకూ వర్తిస్తుంది. పాటల పోటీలకు బాణీ ఏదై వుండాలో, వస్తువు ఏదై వుండాలో ముందే నిర్ణయించి పిలిస్తే, వచ్చేవాళ్లు మనం ఇదివరకు విన్న పాటలే పాడిపోతారు. కౌకూరులో, యాప్రాల్‌లో, మేడ్చల్ రోడ్డు పొడుగునా గోదాముల్లో పనిచేసే పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. వాటిలో ఎన్ని పాటలున్నాయో మనం అడగలేదు. మాంచెస్టరు హాలులో నలభై మంది వుంటే చాలింది. అంతమంది పట్టే గది మనలో ప్రతివాడికీ ఏదో ఒక బడిలో, యూనియన్ ఆఫీసులో వుంది.

మా మిత్రుడు ఆ కుర్రవాడి ఫోన్ తెరతో పాటు మైకు కూడా విప్పి శుభ్రం చేసి ఇచ్చాడని తర్వాత తెలిసింది. పాట గురించి ఇంకా ఏమీ అనలేదట. మళ్లీ వచ్చినప్పుడు మొత్తం వింటానన్నాడట.